సృజనాత్మక నమూనా కత్తిరింపు

సృజనాత్మక నమూనా కత్తిరింపు అనేది శిల్పం వలె స్వతంత్రమైన ఆకృతి గల దుస్తులను తయారుచేయడానికి అనుసరించే కత్తిరింపు పద్ధతుల సముదాయం. దుస్తుల భాగాలను ముందుగా కాగితంపై గీసి, ఆ కాగితపు ముక్కల ఆధారంగా వస్త్రాన్ని కత్తిరిస్తారు. ఈ కాగితపు ముక్కలను నమూనాలు అంటారు. కుట్టుపనివారు ఈ పనిని పాటర్న్ కటింగ్ అని వ్యవహరిస్తారు. సాధారణమైన కుట్టుపనిలో నమూనా శరీర కొలతలను అనుసరిస్తుంది. సృజనాత్మక కత్తిరింపులో నమూనా శరీరానికి దూరంగా ఉబ్బవచ్చు, మెలి తిరగవచ్చు, మడతలు పడి కోణాలుగా నిలబడవచ్చు. ఈ ఆకృతి అద్దకం వలన గాని, అల్లికల వలన గాని కాక, కత్తెర పడిన చోటు వలన ఏర్పడడం దీని ప్రత్యేకత.

ప్రాథమిక సూత్రాలు

వస్త్రం చదునైనది. మానవ శరీరం వంపులు గలది. చదునైన దానిని వంపు గలదానిగా మార్చడానికి ప్రధానంగా మూడు మార్గాలు ఉన్నాయి.

* తీసివేత: ఒక కాగితపు వృత్తం నుండి కేంద్రం వరకు ముక్కోణపు ముక్కను తీసివేసి, మిగిలిన అంచులను కలిపితే శంకువు ఏర్పడుతుంది. స్త్రీల జాకెట్టుకు వేసే టక్కు ఈ సూత్రంపైనే ఆధారపడి ఉంది. టక్కు కొస ఎక్కడ ముగుస్తుందో అక్కడ వస్త్రం ఉబ్బుతుంది.
* చేర్పు: అదే వృత్తాన్ని కేంద్రం వరకు చీల్చి అదనపు ముక్కను చేర్చితే కాగితం గుర్రపు జీను వలె వంగి, అంచు అలలుగా లేస్తుంది. కుచ్చెళ్ళు లేకుండానే ఘేరు వచ్చే లంగాలకు ఇదే ఆధారం.
* ఏటవాలు: పడుగు, పేకల దిశలో నేత వస్త్రం అంతగా సాగదు. వాటికి 45 డిగ్రీల కోణంలో లాగినపుడు దారాల మధ్య ఉండే చిన్న చదరాలు సమచతుర్భుజాలుగా మారి వస్త్రం సాగుతుంది. క్రాస్ కట్ జాకెట్టు టక్కులు తక్కువగా ఉన్నా ఒంటికి అమరడానికి కారణం ఇదే.

పూర్తి వృత్తాకారపు లంగాను ఉదాహరణగా తీసుకోవచ్చు. నడుము కొలత 66 సెం.మీ. అయితే లోపలి వృత్తం వ్యాసార్ధం సుమారు 10.5 సెం.మీ. ఉండాలి. లంగా పొడవు 60 సెం.మీ. అయితే బయటి వృత్తం వ్యాసార్ధం 70.5 సెం.మీ. అవుతుంది. అప్పుడు అంచు చుట్టుకొలత సుమారు 443 సెం.మీ. వస్తుంది. నడుము వద్ద ఒక్క కుచ్చు లేకపోయినా అంచు నడుముకు దాదాపు ఏడింతలు ఉంటుంది.

గణితంతో సంబంధం

గోళాకారపు తలాన్ని సాగదీయకుండా చదును చేయడం సాధ్యం కాదని జర్మన్ గణితవేత్త గాస్ 1827లో ప్రకటించిన సిద్ధాంతం వలన తెలుస్తుంది. ప్రపంచ పటాలలో దేశాల వైశాల్యాలు గాని, ఆకారాలు గాని, దూరాలు గాని కొంత మారిపోవడానికి కారణం ఇదే. వస్త్రం విషయంలో దారాల మధ్య కోణం మారగలదు కనుక కొంత వెసులుబాటు ఉంటుంది. రష్యన్ గణితవేత్త చెబిషెవ్ 1878లో పారిస్‌లో దుస్తుల కత్తిరింపుపై ప్రసంగిస్తూ ఈ విషయాన్ని సమీకరణాలతో వివరించాడు. నేత వస్త్రంతో గోళాన్ని కప్పాలంటే ముక్కలను ఏ ఆకారంలో కత్తిరించాలో ఆయన పరిశీలించాడు.

చరిత్ర

ఫ్రాన్స్‌కు చెందిన మడెలైన్ వియొన్నే (1876 - 1975) ఏటవాలు కత్తిరింపును ఒక సంపూర్ణమైన పద్ధతిగా తీర్చిదిద్దింది. చిన్న వయసులోనే కుట్టుపనిలో చేరిన ఆమె 1912లో పారిస్‌లో సొంత సంస్థను స్థాపించింది. మొదటి ప్రపంచ యుద్ధం వలన 1914లో మూతపడిన ఈ సంస్థ 1918లో తిరిగి ప్రారంభమై 1939 వరకు నడిచింది. ఆమె ముందుగా బొమ్మలు గీయకుండా, చిన్న చెక్క మానికిన్‌పై గుడ్డను పరచి చూసి ఆకృతిని నిర్ణయించేది. చదరాలు, వృత్తాలు, త్రిభుజాలు ఆమె నమూనాలలో ఎక్కువగా కనిపిస్తాయి. ఏటవాలు కత్తిరింపుకు మామూలు పన్నా చాలనందున, ఎక్కువ పన్నా గల క్రేప్ వస్త్రాన్ని ప్రత్యేకంగా నేయించుకునేది.

స్పెయిన్‌లో జన్మించిన క్రిస్టోబల్ బాలెన్సియాగా (1895 - 1972) ఇందుకు భిన్నమైన మార్గాన్ని అనుసరించాడు. ఆయన వస్త్రాన్ని శరీరానికి అంటిపెట్టుకోనీయక, శరీరానికి, వస్త్రానికి మధ్య గాలి ఆడే ఖాళీని ఆకృతిలో భాగం చేశాడు. నడుము రేఖ లేని సంచి వంటి గౌను (1957), ఒకే కుట్టుతో తయారైన కోటు (1961), నాలుగు మూలలుగా నిలబడే గౌను (1967) ఆయన రచనలలో ప్రసిద్ధమైనవి. స్విట్జర్లాండ్‌కు చెందిన అబ్రహాం సంస్థ 1958లో ఆయన కోసం గజార్ అనే బిరుసైన పట్టువస్త్రాన్ని రూపొందించింది. ఆకృతి నిలబడడానికి కత్తిరింపుతో పాటు నేత కూడా ముఖ్యమని దీనివలన తెలుస్తుంది.

జపాన్‌కు చెందిన ఇస్సే మియాకే (1938 - 2022) ఒకే వస్త్రఖండం నుండి దుస్తులను రూపొందించడంపై దృష్టి పెట్టాడు. 1993లో ఆయన ప్రవేశపెట్టిన మడతల దుస్తులలో పని క్రమం తలకిందులైంది. సాధారణంగా వస్త్రానికి ముందు మడతలు వేసి తరువాత కుడతారు. మియాకే దుస్తులను కావలసిన పరిమాణానికి రెండు మూడింతలు పెద్దవిగా కత్తిరించి, కుట్టి, ఆ తరువాత కాగితాల నడుమ ఉంచి వేడితో మడతలు వేయించాడు. పాలియెస్టర్ దారం ఆ మడతలను నిలుపుకుంటుంది. 2010లో వెలువడిన దుస్తులకు త్సుకుబా విశ్వవిద్యాలయానికి చెందిన జున్ మితాని రూపొందించిన మడతల గణితం తోడ్పడింది. రే కవాకుబో 1997 వసంతకాలపు దుస్తులలో వీపు, తుంటి, భుజాల వద్ద మెత్తలను అమర్చి మానవ శరీరపు రూపురేఖనే మార్చివేసింది.

ముఖ్యమైన పద్ధతులు

* టక్కు మార్పిడి: రొమ్ము శిఖరం వద్ద ముగిసే టక్కును భుజం నుండి గాని, పక్క నుండి గాని, మెడ నుండి గాని మొదలుపెట్టవచ్చు. కోణం మారకుంటే ఉబ్బు మారదు. అందువలన టక్కును వంకర గీతగా, కుట్టు రేఖగా, ముడిగా కూడా మలచవచ్చు.
* కోసి విప్పడం: నమూనాను గీతల వెంబడి కోసి, ముక్కలను విసనకర్ర వలె ఎడం చేసి, ఆ మధ్య ఖాళీని నమూనాలో కలుపుతారు. ఎడం ఎంత ఉంటే అంత వదులు వస్తుంది.
* బొమ్మపై గీయడం: మానికిన్‌కు తొడిగిన తెల్లగుడ్డపై కావలసిన గీతలను నేరుగా గీసి, ఆ గీతల వెంబడి కోసి, ముక్కలను చదునుగా పరచి నమూనా తీస్తారు. జపాన్‌కు చెందిన షింగో సాతో ఈ పద్ధతికి ప్రచారం తెచ్చాడు.
* వ్యవకలన కత్తిరింపు: దీనిని బ్రిటన్‌కు చెందిన జూలియన్ రాబర్ట్స్ రూపొందించాడు. పెద్ద వస్త్రాలను జతచేసి, వాటిలో రంధ్రాలు కత్తిరించి, రంధ్రాల అంచులను ఒకదానితో ఒకటి కుడతారు. శరీరం ఆ సొరంగం గుండా సాగుతుంది. ఇందులో కత్తిరించేది దుస్తుల రూపాన్ని కాదు, శరీరం పట్టే ఖాళీని.

ఈ పద్ధతులను అభ్యసించేవారు సాధారణంగా సగం కొలత గల మానికిన్‌పై ప్రయత్నిస్తారు. అయితే పొడవు రెండింతలైతే వస్త్రం బరువు నాలుగింతలవుతుంది. చిన్న నమూనాలో నిటారుగా నిలిచిన ఆకృతి పూర్తి పరిమాణంలో కుంగిపోవచ్చు. ఏటవాలుగా కత్తిరించిన వస్త్రం తన బరువుకే సాగుతుంది కనుక, అంచు మడిచి కుట్టే ముందు దానిని కొంతకాలం వేలాడదీయడం అవసరం.

భారతీయ దుస్తులలో ఈ సూత్రాలు

ఈ సూత్రాలు భారతీయ కుట్టుపనికి కొత్తవి కావు. చుడీదార్ పైజమాను ఏటవాలుగా కత్తిరిస్తారు. అది పిక్కలకు అంటుకొని, చీలమండ వద్ద గాజుల వలె ముడతలు పడడానికి ఏటవాలే కారణం. కుర్తాలకు రెండు పక్కల చేర్చే కలీలు చేర్పు సూత్రానికి ఉదాహరణలు. పాతకాలపు కుర్తాలలో చంక వద్ద వేసే చిన్న చదరపు ముక్క చేయి పైకెత్తడానికి వీలు కల్పిస్తుంది. చీర ఈ ఆలోచనకు పరాకాష్ఠ అని చెప్పవచ్చు. అందులో కత్తిరింపు ఏమీ లేదు. కుచ్చెళ్ళు, మడతలే ఆకృతిని ఇస్తాయి.

వస్త్ర వ్యర్థం

వంపులు గల నమూనా ముక్కలను వస్త్రంపై పరచినపుడు వాటి మధ్య మిగిలే భాగం వృథా అవుతుంది. దుస్తుల పరిశ్రమలో ఇది సుమారు 15 శాతమని తరచుగా పేర్కొంటారు. సృజనాత్మక కత్తిరింపు ఈ వ్యర్థాన్ని పెంచనూవచ్చు, తగ్గించనూవచ్చు. ముక్కలన్నీ ఒకదానిలో ఒకటి ఇమిడేటట్లు నమూనాను రూపొందించే వ్యర్థరహిత పద్ధతిపై టిమో రిస్సానెన్, హోలీ మెక్‌విలన్‌లు కృషి చేశారు. 2016లో వారు దీనిపై ఒక గ్రంథాన్ని ప్రచురించారు.

నమూనాల పరిరక్షణ

తయారైన దుస్తులను ఫొటోలో చూసి వాటి కత్తిరింపును గ్రహించడం కష్టం. కత్తిరించినవారు చెప్పకపోయినా, నమూనా భద్రపరచకపోయినా ఆ విద్య వారితోనే అంతరించే ప్రమాదం ఉంది. వియొన్నే తన దుస్తులను ముందు, పక్క, వెనుక వైపుల నుండి ఫొటోలు తీయించి ఆల్బములుగా భద్రపరిచింది. నకళ్ళను అరికట్టడానికి తన వేలిముద్రను పేరు పట్టీలపై వేసేది. 1952లో ఆమె తన గౌనులను, ఆల్బములను పారిస్‌లోని ఒక సంస్థకు దానం చేసింది. అయినా గౌనుల వెనుక ఉన్న నమూనాలు తెలియడానికి, బెట్టీ కిర్క్ ఆ దుస్తులను స్వయంగా పరిశీలించి వాటిని తిరిగి గీయవలసి వచ్చింది. ఆమె గ్రంథం ఆంగ్లంలో 1998లో వెలువడింది.

టోక్యోలోని బుంకా ఫ్యాషన్ కళాశాలలో బోధించిన తోమోకో నకామిచి తన పాఠాలను నమూనాల చిత్రాలతో సహా 2005లో పాటర్న్ మేజిక్ అనే పుస్తకంగా ప్రచురించింది. వెదురు మొలక పొరలను పోలిన ఆకృతులు, వస్త్రంలోనే కలిసిపోయి మాయమయ్యే స్కార్ఫు వంటివి ఇందులో ఉన్నాయి. 2010లో ఆంగ్లానువాదం రావడంతో, అంతవరకు ఒక తరగతి గదికి పరిమితమైన విద్య ఇతర దేశాల విద్యార్థులకు, ఇంట్లో కుట్టుకొనేవారికి కూడా అందింది.

ఇవి కూడా చూడండి

* కుట్టుపని
* చీర
* చుడీదార్
* నేత
* మడెలైన్ వియొన్నే
* ఇస్సే మియాకే