ఉల్కకు ఐదు చెవులు

ఆగస్టు రెండో వారం పెర్సీడ్ ఉల్కల కాలం. మన ఆకాశానికి మబ్బుల కాలం కూడా. మబ్బు అడ్డం పడినా ఉల్కల జాడ పట్టే రాడార్ ఒకటి తిరుపతిలో ఉంది. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం దాన్ని 2013 ఆగస్టులోనే నెలకొల్పింది.

రాడార్‌కు యాంటెన్నాలే చెవులు. ఆ మాటకొస్తే, వినేవాళ్లను ఎక్కడ నిలపాలన్నది ఈ సీమకు పాత ప్రశ్నే. తిరుమలలో నైవేద్యం గంట మోగాకే చంద్రగిరి రాజు భోజనానికి కూర్చునేవాడని, ఆ మోత కోటదాకా అందేలా దారి పొడవునా ఘంటా మండపాలు కట్టించారని చెప్పుకుంటారు. భూమిని కొలిచేవాళ్లకూ చోటే కీలకం: 1802లో సర్వే అధికారి లాంబ్టన్ దొర మద్రాసు శివార్లలో ఒక గీత కొలిచి, దాని రెండు కొసల నుంచి కోణాలు తీసి దూరపు గురుతుల చోటు లెక్కగట్టాడు. ఆ తర్వాతి కథంతా దాటేసి, తిరుపతికి దగ్గర్లోని గాదంకి రాడార్ దగ్గరికి వచ్చేద్దాం.

పాకాల మండలంలోని ఆ ఊళ్లో 1990ల తొలినాళ్లలో 32 వరుసల్లో 1024 యాంటెన్నాలు నాటి, 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ (మీసోస్ఫియర్-స్ట్రాటోస్ఫియర్-ట్రోపోస్ఫియర్) రాడార్ నిలబెట్టారు. ఎంత గొప్పదైనా, 70 నుంచి 110 కిలోమీటర్ల ఎత్తున వీచే గాలులు దానికి పూర్తిగా చిక్కలేదు. ఆ వెలితి పూడ్చడానికే తిరుపతి రాడార్ వచ్చింది.

దాని పని తీరు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఉల్క మండినచోట విద్యుదావేశపు చార మిగులుతుంది. 35.25 మెగాహెర్ట్జ్ తరంగం దానికి తగిలి తిరిగొస్తుంది. పట్టిన సమయాన్ని బట్టి దూరం తెలుస్తుంది. చార గాలితోపాటు కొట్టుకుపోతుంది కాబట్టి గాలి వేగమూ తెలుస్తుంది. మరి దిక్కు? రెండు యాంటెన్నాలను చేరడంలో తరంగానికి వచ్చే తేడాయే దిక్కు చెప్పాలి. ఆ తరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. యాంటెన్నాల ఎడం అందులో సగం దాటితే ఒకే తేడాకు ఒకటికి మించి దిక్కులు సరిపోతాయి. దగ్గరగా నాటితే ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద పడి కొలత చెడుతుంది.

1998లో జోన్స్, వెబ్‌స్టర్, హాకింగ్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ప్రకటించిన అమరిక ఈ చిక్కు విప్పింది. ఉల్కా రాడార్లలో సాధారణంగా వాడేది అదే. మధ్యలో ఒక యాంటెన్నా. దానికి ఒక పక్క రెండు తరంగాల దూరాన ఒకటి, ఎదుటి పక్క రెండున్నర తరంగాల దూరాన మరొకటి. అడ్డంగానూ అంతే. మొత్తం ఐదు. ఏ రెండూ ఒకదానికొకటి దగ్గర కావు. అయినా రెండు పక్కల తేడాలను జతచేసి లెక్కిస్తే సగం తరంగం ఎడంలో నాటినట్టే ఫలితం వస్తుంది, దిక్కు ఒక్కటే తేలుతుంది. ఆ దిక్కును నాలుగున్నర తరంగాల వెడల్పుతో ఇంకా సన్నగా సవరించుకోవచ్చు. ఎన్ని యాంటెన్నాలు వాడాలన్నదానికన్నా ఎక్కడ నాటాలన్నదాని మీద ఇంత ఆలోచన పెట్టినవాళ్లకు నేను చేతులెత్తి మొక్కుతాను.

ఇక గాదంకి, తిరుపతి సంగతులు తలోదారిన నడిచాయి. గాదంకి కేంద్రం 2005లో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అయింది. తర్వాత అక్కడి ప్రతి యాంటెన్నాకూ సొంత ప్రసార పరికరం అమర్చారు. అయనావరణం కోసం 30 మెగాహెర్ట్జ్ రాడార్ మరొకటి వచ్చింది. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడి, ఈ రాడార్లన్నీ చిత్తూరు జిల్లా పటం దాటిపోయాయి. పైగాలుల లెక్కలు మాత్రం ఈ రెండు ఊళ్లవీ పక్కపక్కన పెట్టే సరిచూశారు.