రేవు ఇంటికి వచ్చిన తరువాత

మన ఇళ్ళలోకి నీరు ఎలా వచ్చిందో చెప్పే చరిత్రకు కొదవ లేదు. నుయ్యి ఎవరు తవ్వించారో, చెరువు ఏ దొరగారి పేరిట వెలిసిందో, కుళాయిని ఏ మంత్రిగారు తిప్పారో శిలాఫలకాలు చెబుతాయి. ఆ నీరు వాడకం అయ్యాక ఏ దారిన బయటికి పోయిందో చెప్పే ఫలకాన్ని మాత్రం నేనెక్కడా చూడలేదు. బట్టలుతికే యంత్రం వదిలిన నీరు గదంతా పొంగినప్పుడు గాని, పోయే నీటికీ ఒక చరిత్ర ఉంటుందని తోచదు.

పలాసకు తూర్పున వజ్రపుకొత్తూరు మొదలుకొని మందస, సోంపేట, కవిటి మీదుగా ఇచ్ఛాపురం వైపు సాగే ఇసుకనేల మా ఉద్దానం. ఉద్యానమన్న మాటే అలా మారిందంటారు. ఇక్కడి పాత ఇళ్ళ ఏర్పాటు సులువైనది. పెరట్లో నుయ్యి, నూతి పక్కన రాతిపలక, ఆ పలక వాలిన వైపున కొబ్బరిచెట్టు పాదు. అంట్లు తోమిన నీరూ, స్నానాల నీరూ పాదులోకే పోయేవి. ఇంటి గోడ దాటించే కన్నాన్ని మేము తూము అంటాం. కొన్ని సీమల్లో జలదారి అంటారు. మీ ఊరి మాటేమిటో? చేంతాడు లాగే చేతులు నొప్పి పుట్టేసరికి నీటి వాడకమూ ఆగేది కనుక, ఆ తూముకు ఏనాడూ పెద్ద పరీక్ష ఎదురు కాలేదు.

మరొక కారణమూ ఉంది. దాన్ని మనం అంతగా చెప్పుకోము. పెద్ద ఉతుకు ఇంట్లో జరిగేదే కాదు. రజకులు మూట కట్టి రేవుకు తీసుకుపోయేవారు. చవిటిమన్ను నీటిలో తడిపి, ఉబ్బ పెట్టి, బండమీద బాది, ఆరవేసి, మడతలతో తిరిగి తెచ్చేవారు. ఊరి మురికంతా చెరువు ఒడ్డుకూ, కొన్ని కుటుంబాల చేతులమీదికీ చేరేది. ప్రతిఫలంగా పంట చేతికొచ్చినప్పుడు కొన్ని కుంచాల గింజలు. మన ఇళ్ళ శుభ్రత అని గర్వంగా చెప్పుకున్నదానిలో ఎక్కువ భాగం మురికిని మరొకరికి అప్పగించడమేనని నా అభిప్రాయం.

1959లో సర్ఫ్, 1969లో నిర్మా వచ్చాయి. నూలుబట్ట స్థానంలోకి టెరిలిన్ వచ్చింది. రేవుకు వెళ్ళే మూట ఏటేటా చిన్నదైంది. చివరకు యంత్రం వచ్చి, రేవునే ఇంట్లోకి తెచ్చింది. తూము మాత్రం చెంబునీటి కాలంనాటిదే.

బకెట్టుతో పారబోసే మనిషి, తూము మెల్లగా తాగితే తానూ మెల్లగా పోస్తాడు. యంత్రం అడుగున ఉండే పంపుకు ఆ మర్యాద లేదు. నిమిషానికి 15, 20 లీటర్ల చొప్పున ఎత్తిపోస్తుంది. మా ఇంట్లో స్నానాలగదికి వేసిన ఒకటిన్నర అంగుళాల గొట్టంలోకే యంత్రం గొట్టాన్నీ కలిపారు. గొట్టం వంపు విప్పి చూస్తే, తవ్వకాలవారు చదివే మట్టిపొరల్లాగే ఉంది: అడుగున ఇసుక, పైన బట్టల నూగు, రెండింటినీ అతికించిన సబ్బుతెట్టె. కఠినజలంలోని కాల్షియం సబ్బుతో కలిసి కరగని తెట్టెగా మారుతుందన్నది బడిపాఠమే. ఆ వంపు కథ వేరు. 1775లో లండనులో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల పనివాడు మరుగుదొడ్డికి పేటెంటు పొందినప్పుడు, దానితోపాటు ఇటువంటి వంపూ లోకానికి వచ్చింది. అందులో నిలిచే నీరు దుర్వాసనను ఆపుతుంది. వాసనను ఆపేది నూగునూ ఆపుతుంది!

వంకీ తీగతో నూగు లాగి, గోరువెచ్చని నీళ్ళు పోశాను. మరిగే నీరు ప్లాస్టిక్ గొట్టాన్ని మెత్తబరుస్తుంది. యాసిడ్ జోలికి అసలే పోకూడదు. అయినా అది వారంరోజుల ఊరటే. అసలు మరమ్మతు వేరు: యంత్రానికి విడిగా రెండంగుళాల నిలువుగొట్టం, నేలనుంచి రెండున్నర అడుగుల ఎత్తున. యంత్రపు గొట్టం దానిలోకి కొద్దిగా మాత్రమే దిగాలి, చుట్టూ గాలి ఆడాలి. గాలి ఆడకుండా బిగిస్తే ఉతుకు మధ్యలోనే నీరు తనంతట తాను జారిపోతుంది. అడ్డంగా పోయే గొట్టానికి నలభై అంగుళాలకు ఒక అంగుళం వాలు. పెరట్లో అది తెరుచుకునే చోట, ఇసుకా నూగూ దిగడానికి ఒక చిన్న కుండీ. మొహెంజోదారో కాలువలకూ ఇటువంటి మడ్డి కుండీలుండేవి. నాలుగువేల ఏళ్ళు దాటినా కొత్త ఉపాయమేదీ అవసరపడలేదు.

కుండీ దాటిన నీరు ఎక్కడికి పోవాలన్నదే చిక్కు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరాన్నే దాటి లక్షలాది కొబ్బరిచెట్లను కూల్చింది. మా పాదులోని చెట్టూ వాటిలో ఒకటి. ఇసుక ఎంతటి నీటినైనా తాగుతుంది, కాని తాగినదాన్ని నూతి ఊటకే చేరుస్తుంది. దశాబ్దాలుగా మూత్రపిండాల జబ్బు పీడిస్తున్న, దాని కారణం నేటికీ తేలని నేల ఇది. నీటి విషయంలో ఇక్కడ ఎవరికీ నిర్లక్ష్యం ఉండదు. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని గొట్టాలలో తెచ్చే పథకానికి 2019 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది. సుమారు 700 కోట్ల రూపాయలతో పూర్తిచేసి 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. వచ్చే నీటికి అంత ఏర్పాటు జరిగింది. వాడిన నీటి సంగతి ఎవరి పెరడు వారిదే.

ఈ నేలకు ప్రకృతి పెట్టిన తూములూ ఉన్నాయి. సోంపేట దగ్గర బీల, టెక్కలికి దగ్గర్లో కాకరాపల్లి తంపర. వాననీరు చేరి, నిలిచి, చేపకూ పశువుకూ పైరుకూ పనికివచ్చే పల్లపు నేలలవి. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రాలు తలపెట్టినప్పుడు, బతుకుదెరువు పోతుందనీ, పల్లం పూడిస్తే నీరు ఊళ్ళమీదికి ఎగదన్నుతుందనీ జనం ఎదురు తిరిగారు. 2010 జూలై 14న సోంపేటలోనూ, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోనూ పోలీసు కాల్పులలో మనుషులు చనిపోయారు. గది పొంగడాన్ని ఆ చావులతో పోల్చే దుస్సాహసం చేయను. దిగువ మూస్తే ఎగువ పొంగుతుందని వారు చెప్పింది మాత్రం పంట్లాం మడిచి గదిలో నీరు తోడే ఎవరికైనా అర్థమయ్యే మాట.

ప్రస్తుతం కుండీ దగ్గర ఒక మళ్ళింపు మీట పెట్టాను. సోడా ఎక్కువగా ఉండే తొలి ఉతుకు నీరు వీధికాలువకు. జాడింపు నీరు నూతికి దూరంగా, పడమటి గోడవార అరటిదుబ్బుకు. మీట తిప్పడం మరచిన రోజుల్లో ఆకుల అంచులు మాడుతున్నాయి. నెలకొకసారి కుండీ నుంచి చారెడు ఇసుక తీస్తున్నాము.