ఫిరంగుల మూల్యాంకనంలో గురి స్థానం: జగిత్యాల కోట నుంచి విశాఖ తీరం వరకు

1. ఉపోద్ఘాతం:

ధర్మపురికి సమీపంలోని జగిత్యాల కోట తెలంగాణలోని గిరిదుర్గాల వంటిది కాదు. సమతల భూమిపై, నక్షత్రాకారంలో, చుట్టూ అగడ్తతో నిర్మించిన రాతి కోట ఇది. నిర్మల్ పాలకుడు జఫరుద్దౌలా దీనిని 1747లో కట్టించాడని, రూపకల్పన ఫ్రెంచి ఇంజనీర్లదని ప్రసిద్ధి. ఇటువంటి కోటలలోని ఫిరంగులను అంచనా వేసేటప్పుడు సాధారణంగా రెండు ధోరణులు కనిపిస్తాయి. పొడవు, బరువు చూసి కొనియాడడం ఒకటి. ఐరోపా ఫిరంగులకున్న గురి వీటికి లేదని తక్కువ చేయడం మరొకటి. రెండు ధోరణులూ ఆయుధాన్ని అది చేయవలసిన పని నుంచి వేరుచేసి చూస్తున్నాయి. ఆయుధ చరిత్రలో గురిని ఏ మేరకు ప్రమాణంగా స్వీకరించవచ్చునో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. గురి – భావన, పరిమితులు:

గురి అనే మాటలో రెండు అంశాలు కలిసి ఉన్నాయి. ఒకే దిశలో పేల్చిన గుండ్లు ఒకదానికొకటి దగ్గరగా పడడం ఆయుధ లక్షణం. అవి లక్ష్యం మీదనే పడడం పేల్చేవాని నేర్పు. 18వ శతాబ్దపు ఫిరంగులలోనూ సైనికుల తుపాకులలోనూ అధిక భాగం నునుపు గొట్టాలవే. గుండు సులువుగా దిగడానికి గొట్టానికీ గుండుకూ మధ్య సందు వదిలేవారు. పేలినప్పుడు గుండు ఆ సందులో అటూ ఇటూ తగులుతూ, ఏదో ఒక వైపు తిరుగుతూ బయటపడేది. ఈ అడ్డదిడ్డపు భ్రమణమే గుండును దారి తప్పిస్తుందని ఆంగ్ల గణితవేత్త బెంజమిన్ రాబిన్స్ వివరించాడు. తుపాకీ శాస్త్రంపై ఆయన రచించిన ప్రసిద్ధ గ్రంథం 1742లో, అంటే జగిత్యాల కోటకు చెప్పే నిర్మాణ సంవత్సరానికి ఐదేళ్ల ముందు, వెలువడింది. కాబట్టి ఆ కాలంలో గురి లోపం దక్కను ఫిరంగుల ప్రత్యేక దోషం కాదు. నునుపు గొట్టాలన్నింటికీ ఉమ్మడి పరిమితి.

ఆ దోష ఫలితం దూరాన్ని బట్టి పెరుగుతుంది. ఒక డిగ్రీ తేడా 100 మీటర్ల వద్ద గుండును సుమారు 1.75 మీటర్లు పక్కకు తీసుకుపోతే, 1000 మీటర్ల వద్ద 17.5 మీటర్లు తీసుకుపోతుంది. గోడకు గురిపెట్టిన ఫిరంగికి మొదటిది లెక్కలోనిది కాదు. ఒక మనిషికి గురిపెట్టిన తుపాకీకి అదే పూర్తి వైఫల్యం.

3. జగిత్యాల కోట నిర్మాణంలోని సమాధానం:

నక్షత్రాకార కోట ఈ పరిమితిని అంగీకరించి రూపొందినది. గుండ్రటి బురుజు ముందు భాగంలో పక్క బురుజుల గుండ్లు అందని మరుగు ప్రదేశం మిగులుతుంది. కోణాకారపు బురుజులు ఒకదాని ముఖాన్ని మరొకటి కాపాడుతూ ఆ మరుగును తొలగిస్తాయి. ఈ పద్ధతిలో బురుజుల మధ్య దూరాన్ని తుపాకీ గుండు అందే దూరాన్ని బట్టి నిర్ణయించేవారు. గోడ వెంబడి పేల్చిన గుండు ఒకరిని తప్పినా, వరుసగా వచ్చే శత్రువులలో మరొకరిని తాకుతుంది. అంటే గొట్టంలో కొరవడిన గురిని కోట నిర్మాణమే కొంత భర్తీ చేస్తుంది.

4. రాయచూరు, 1520:

ఒకే యుద్ధంలో గురికి రెండు భిన్నమైన విలువలు ఉండవచ్చునని శ్రీకృష్ణదేవరాయల రాయచూరు దండయాత్ర నిరూపిస్తుంది. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ కథనం ప్రకారం, బీజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్ షా ఫిరంగులు ఒక్కసారిగా పేలి విజయనగర సేన ముందు వరుసను చెల్లాచెదురు చేశాయి. కిక్కిరిసిన సేనపై పేల్చడానికి సూక్ష్మమైన గురి అక్కరలేదు. అయినా రాయలు తన సేనను కూడగట్టుకొని విజయం సాధించాడు. మొదటి దెబ్బ ఎంత బలమైనదైనా, యుద్ధాన్ని గెలిపించడానికి అది చాలలేదు.

కోట ముట్టడిలో పరిస్థితి వేరు. రాయల సైనికులు గడ్డపారలతో గోడ రాళ్లు పెకలిస్తుండగా పైనుంచి రక్షకులు వారిని అడ్డుకుంటున్నారు. అప్పుడు క్రిస్టోవావ్ ద ఫిగైరెదో వెంట వచ్చిన కొద్దిమంది పోర్చుగీసు తుపాకీదారులు, గోడపై తల చూపిన వారిని ఏరి కొట్టారు. వంగి చూసిన కోట అధిపతి నుదుట గుండు తగిలి మరణించాడని, అనంతరం కోట లొంగిపోయిందని నూనిజ్ రాశాడు. ఇక్కడ తుపాకుల సంఖ్య కాదు, గురి నిర్ణాయకమైంది.

5. విశాఖ తీరం, 1804:

నేలపై స్థిరంగా ఉన్న ఆయుధానికే ఇన్ని పరిమితులుండగా, ఊగే నౌకపై ఫిరంగికి అవి రెట్టింపవుతాయి. అల మీద నౌక ఏ స్థితిలో ఉన్నప్పుడు పేల్చారన్నది గుండు ఎత్తును మారుస్తుంది. 1804 సెప్టెంబరు 15న విశాఖపట్నం వద్ద లంగరు వేసి ఉన్న 50 ఫిరంగుల బ్రిటిష్ నౌక సెంచూరియన్‌పై ఫ్రెంచి సేనాని లినోయ్ 74 ఫిరంగుల మరెంగోతోనూ రెండు ఫ్రిగేట్లతోనూ దాడి చేశాడు. సెంచూరియన్ బాగా దెబ్బతిన్నా మునగలేదు, లొంగలేదు. అందులో మరణించినది ఒక్కరే, గాయపడినవారు తొమ్మిదిమంది. ఫిరంగుల సంఖ్యలోని ఆధిక్యం అదే నిష్పత్తిలో ఫలితమివ్వలేదు.

అంతమాత్రాన ఫ్రెంచి ఫిరంగులను విఫలమైనవనీ అనలేం. ఈస్టిండియా కంపెనీ వర్తక నౌకలలో ప్రిన్సెస్ షార్లెట్ పట్టుబడింది. బార్నబీ తీరానికి కొట్టుకుపోయి ధ్వంసమైంది. వర్తకానికి నష్టం కలిగించడమే లక్ష్యమైతే దాడి కొంతవరకు నెరవేరినట్లే.

6. ముగింపు:

గురి ఆయుధానికి శాశ్వతంగా అంటిపెట్టుకొని ఉండే గుణం కాదు. దూరం, లక్ష్య పరిమాణం, నిలకడ, పేల్చేవారి శిక్షణ దాని విలువను నిర్ణయిస్తాయి. కనుక కోటలలో మిగిలిన ఫిరంగుల పొడవు, బరువు మాత్రమే నమోదు చేయడం చాలదు. గొట్టం లోపలి వ్యాసం రెండు కొసల మధ్య ఎంత మారుతున్నది, గుండు లభిస్తే సందు ఎంత, ఫిరంగి తన మొదటి స్థానంలోనే ఉంటే అది ఏ దిశను కాచేది అన్న అంశాలనూ కొలవాలి. తుప్పు గొట్టాన్ని తినేసినా, ఫిరంగిని అలంకారంగా మరో చోటికి తరలించినా ఈ సాక్ష్యం తిరిగి రాదు. ఆ కొలతలు లేకుండా దక్కను ఫిరంగులపై చెప్పే పొగడ్తకూ నిందకూ ఆధారం ఉండదు.