కెల్సో: ఒక యెడారి రైలుమజిలీ చరిత్రము

ఊరు పుట్టుటకు నీరు కావలెను. నిలుచుటకు నీటితోపాటు మనుష్యుల పూనికయు కావలెను. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కెల్సో యను చిన్న రైలుమజిలీ చరిత్రము ఇందుకు నిదర్శనము.

కాలిఫోర్నియా రాష్ట్రమున మోహావీ యను మిట్టయెడారి గలదు. అందు సముద్రమట్టమునకు సుమారు 2,100 అడుగుల యెత్తున, కొండల నడుమ కెల్సో యున్నది. సమీపమున ఇసుకతిన్నెలు 600 అడుగులకు మించి లేచియున్నవి. మోహావీ నది తెచ్చిన యిసుకను పడమటి గాలులు వేలయేండ్లు మోసి వానిని పోసినవి. పొడి యిసుక వాలున జారునపుడు గంభీరముగా మ్రోయుట అచ్చటి వింత.

రైలు రాకమునుపు ఆ సీమ నిర్జనము కాదు. చెమెహువేవి, మోహావీ తెగలవారు ఊటనుండి ఊటకు నడచుచు ఎడారిని దాటెడివారు. వారి కాలిబాటలనే తరువాతి బాటసారులును పట్టిరి.

1905లో లాస్ ఏంజెలెస్, సాల్ట్ లేక్ నగరములను గలుపు ఇనుపదారి పూర్తియయ్యెను. కెల్సోకు తూర్పున సీమా యను చోటికి సుమారు 18 మైళ్లలో ఆ దారి 2,000 అడుగులు ఎక్కవలెను. బరువు బండ్లకు ఒక్క ఇంజను చాలదు. తోడు ఇంజనులు నిలుచుటకును, వానికి నీరు పట్టుటకును కెల్సో తగిన తావయ్యెను. 1924లో పెంకుల కప్పుతో, కమానులతో అందమైన రెండంతస్తుల స్టేషను వెలసెను. అందు సిబ్బందికి బసయు, భోజనశాలయు, తంతి కార్యాలయమును ఉండెడివి.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున చేరువలోని వల్కన్ గనినుండి ఫోంటానా ఉక్కు కర్మాగారమునకు ఇనుపరాయి పోయెను. అప్పుడు జనసంఖ్య సుమారు 2,000 వరకు పెరిగెను. యుద్ధానంతరము గని మూతపడెను. డీజిలు ఇంజనులు వచ్చెను. వానికి త్రోవలో నీటితోను, తోడు ఇంజనులతోను పని లేకపోయెను. దేనికొరకు ఊరు పుట్టెనో ఆ యవసరమే తీరిపోయెను.

1985లో స్టేషను మూసివేసి, రైలు కంపెనీవారు దానిని పడగొట్టదలచిరి. స్థానికులును, చరిత్రాభిమానులును పట్టుదలతో అడ్డుపడి దానిని కాపాడిరి. 1994లో ఆ ప్రాంతము జాతీయ రక్షితసీమ యయ్యెను. మరమ్మతుల పిమ్మట 2005లో ఆ భవనము ఎడారి చరిత్రమును సందర్శకులకు బోధించు కేంద్రముగా తెరువబడెను.

పాఠక మహాశయులారా! బండ్ల కొరకు కట్టిన గోడలను తుదకు నిలిపినది జ్ఞానాభిలాష. మన గ్రంథాలయ భవనమునకును రక్ష యదియే. ఆవిరి ఇంజనుకు నీరెట్టిదో పుస్తకశాలకు చదువరు లట్టివారు. బీరువాలు నిండుట చాలదు. పుస్తకములు చేతులు మారుచుండవలెను. అట్లు మారినన్నాళ్లు ఈ మజిలీకి మూతపడు దినము రాదు.