నాగుడు డ్రాగన్ అయిన దారి

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఎల్‌బీ నగర్ వైపు వెళితే వెంటనే వచ్చే స్టేషన్ చైతన్యపురి. అక్కడ దిగి మూసీ వైపు వెళితే ఫణిగిరి కాలనీ వస్తుంది. ఫణి అంటే పడగ గల పాము. ఫణిగిరి అంటే పాముకొండ. అక్కడి కొసగుండ్ల నరసింహస్వామి ఆలయం దగ్గర ఒక బండపై బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో చెక్కిన శాసనం ఉంది. అది విష్ణుకుండినుల నాటిది, స్థూలంగా క్రీ.శ. 4–5 శతాబ్దాలకు చెందుతుంది. గోవిందరాజ విహారం అనే బౌద్ధ విహారాన్ని, భిక్షాన్నంతో జీవించే పిండపాతిక భిక్షువులను అది పేర్కొంటుంది. హైదరాబాదు చరిత్రను 1591తో మొదలుపెట్టే అలవాటున్న మనకు ఈ బండ ఒక హెచ్చరిక.

అదే రోడ్డు పక్కన సాయంత్రమైతే ఫాస్ట్‌ఫుడ్ బళ్ల మీద ‘డ్రాగన్ చికెన్’ అనే మాట కనిపిస్తుంది. చైనా అనగానే మనకు గుర్తొచ్చే జంతువు డ్రాగనే. కొండ పేరులోని ఫణికీ, బండి మీది డ్రాగన్‌కూ ఏమైనా చుట్టరికం ఉందా? చైనా యాత్రికుల రచనలను చరిత్రకు ఆకరాలుగా చదివే విద్యార్థి ఈ ప్రశ్న వేసుకోక తప్పదు. ఆ రచనల్లో డ్రాగన్లు తరచుగా కనిపిస్తాయి. డ్రాగన్ కనబడగానే ఆ పుటను కట్టుకథ అని పక్కన పెట్టే పాఠకుడు, ఆ పుటలో ఉన్న చారిత్రక సాక్ష్యాన్ని కూడా పోగొట్టుకుంటాడు.

ఒక మాట, మూడు ప్రాణులు

చైనా భాషలో ఆ ప్రాణి పేరు లుంగ్. బౌద్ధం చైనాకు చేరడానికి వెయ్యేళ్లకు పైగా ముందే, షాంగ్ వంశం నాటి ఎముకల మీది రాతల్లో ఆ అక్షరం ఉంది. లుంగ్ నీటికి సంబంధించిన ప్రాణి. నదుల్లో, సరస్సుల్లో, మబ్బుల్లో ఉంటుంది, వానలు కురిపిస్తుంది. తరువాతి కాలంలో అది చక్రవర్తికి చిహ్నమైంది.

క్రీ.శ. తొలి శతాబ్దాల్లో బౌద్ధ గ్రంథాలను చైనా భాషలోకి మార్చిన అనువాదకులకు ‘నాగ’ అనే మాట ఎదురైంది. నాగుడు కూడా నీటిని, వానను, నిధులను కాపాడేవాడే. వారు దానిని ‘లుంగ్’ అని రాశారు. నాగరాజు ‘లుంగ్-వాంగ్’ అయ్యాడు. చైనా కథల్లో సముద్రం అడుగున కొలువుదీరే డ్రాగన్ రాజు చాలావరకు ఈ అనువాదం వల్ల రూపుదిద్దుకున్నవాడే. పోలిక పూర్తిగా కుదరలేదన్నది నిజం: మన నాగుడికి పడగ ఉంటే, లుంగ్‌కు కాళ్లు, గోళ్లు, కొమ్ములు ఉన్నాయి. అయితే నీటి మీద అధికారం ఇద్దరిదీ కనుక పాఠకులకు అడ్డు రాలేదు.

మూడో మార్పు ఆ తరువాత జరిగింది. యూరప్ పండితులు లుంగ్‌ను ‘డ్రాగన్’ అన్నారు. యూరప్ కథల్లో డ్రాగన్ నిప్పులు కక్కే మృగం. వీరుడి చేతిలో చావడానికే ఉంటుంది. సామ్యూల్ బీల్ 1884లో ప్రచురించిన ఇంగ్లీషు అనువాదం ద్వారా హ్యూయాన్‌త్సాంగ్‌ను చదివినవారికి నాగులన్నీ డ్రాగన్లుగానే కనిపించాయి. అంటే నాగుడు చైనా వెళ్లి లుంగ్ అయి, ఇంగ్లండు మీదుగా డ్రాగన్ వేషంలో ఇంటికి తిరిగొచ్చాడు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే మనం అతన్ని గుర్తుపట్టలేకపోతున్నాం!

ఒక ఆచార్యుడి పేరు

ఎల్‌బీ నగర్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుంటే ఇబ్రహీంపట్నం మీదుగా నాగార్జునసాగర్ చేరతారు. ఆ జలాశయం నీటి కింద ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. ఆనకట్ట వల్ల లోయ మునగక ముందు, 1954–60 మధ్య అక్కడ పెద్దఎత్తున తవ్వకాలు జరిపారు. అక్కడ దొరికిన ఒక శాసనాన్ని మీరు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. మాఠరీపుత్ర వీరపురుషదత్తుని 14వ రాజ్య సంవత్సరంలో బోధిశ్రీ అనే ఉపాసిక సింహళ ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించి వేయించిన శాసనం అది. ఆ ఆచార్యులు ధర్మబోధ చేసిన దేశాల జాబితాలో కాశ్మీరం, గాంధారం తరువాత ‘చీన’ అనే పేరు ఉంది. దాత తన గురువులను పొగిడే చోట కొంత అతిశయం ఉండవచ్చు. అయినా క్రీ.శ. 3వ శతాబ్దంలో కృష్ణా తీరాన ఒక స్త్రీ వేయించిన శాసనంలో ఆ పేరు ఏ వివరణా లేకుండా వచ్చిందంటే, విన్నవారికి అది తెలిసిన పేరే అయి ఉండాలి.

ఇప్పుడు ఆ లోయకు తరువాతి కాలంలో పేరిచ్చిన ఆచార్య నాగార్జునుణ్ణి చూద్దాం. చైనా భాషలో ఆయన పేరు లుంగ్-షు. లుంగ్ అంటే నాగుడు, షు అంటే చెట్టు. కుమారజీవుని పేరుతో ప్రచారంలో ఉన్న నాగార్జున చరిత్ర దీనికి కారణం చెబుతుంది: తల్లి ఆయనను అర్జున వృక్షం, అంటే మన మద్దిచెట్టు, కింద కన్నది, నాగుని సహాయంతో ఆయన జ్ఞానం పొందాడు. ఆ కథ ప్రకారం మహానాగుడు ఆయనను సముద్రంలోని తన భవనానికి తీసుకువెళ్లి, ఏడు రత్నాల పెట్టె తెరిచి మహాయాన గ్రంథాలను ఇచ్చాడు. తెలుగు పాఠకుడికి ఇలాంటి ప్రయాణం కొత్త కాదు. చేమకూర వెంకటకవి ‘విజయవిలాసం’లో ఉలూచి అర్జునుణ్ణి నాగలోకానికి తీసుకుపోయిన ఘట్టం మీరు చదివే ఉంటారు.

అయితే హ్యూయాన్‌త్సాంగ్‌కు లుంగ్-షు అనే పేరు నచ్చలేదు. తన గ్రంథంలో సంస్కృత నామాన్ని అక్షరాల్లో రాసి, దీన్ని మా భాషలో లుంగ్-మెంగ్ అనాలి, పాతవారు లుంగ్-షు అనడం తప్పు అని వివరణ చేర్చాడు. మెంగ్ అంటే పరాక్రమం. అర్జున శబ్దంలో ఆయనకు చెట్టు కాక వీరుడు కనిపించి ఉంటాడు. ఇద్దరిలో ఎవరు ఒప్పు అన్నది అలా ఉంచండి. ‘లుంగ్’ అనే సగం మీద ఇద్దరికీ తగాదా లేదు. ఆ మాట వెనుక ‘నాగ’ ఉందని ఇద్దరికీ తెలుసు. వెంగి దగ్గర ఏకాంతమైన కొండ మీద తర్కశాస్త్రం రాశాడని హ్యూయాన్‌త్సాంగ్ చెప్పిన దిఙ్నాగుని పేరును కూడా చైనావారు అర్థాన్ని బట్టి అనువదించినప్పుడు అందులో లుంగ్ వచ్చి చేరింది. మన తార్కికుడు కూడా డ్రాగనే అయ్యాడన్నమాట.

యాత్రా రచనలో డ్రాగన్‌ను ఎలా చదవాలి?

హ్యూయాన్‌త్సాంగ్ 629లో బయలుదేరి 645లో చాంగాన్ నగరానికి తిరిగి చేరాడు. మరుసటి సంవత్సరం, చక్రవర్తి కోరిక మీద, శిష్యుడు బియాన్‌జీ చేత రాయించిన గ్రంథం పూర్తయింది. ఇందులో ఆయన పాటించిన ఒక పద్ధతి మనకెంతో ఉపయోగం. కథ మొదలయ్యే చోట చాలాసార్లు ‘పూర్వపు రాతల్లో ఇలా విన్నాను’, ‘ఈ ప్రాంతపు జనం ఇలా అంటారు’ అని చెబుతాడు. చూసినదాన్ని, విన్నదాన్ని కలిపేయలేదు. కనుక డ్రాగన్ వచ్చిన ప్రతిచోటా ముందు వాక్యాన్ని చూడండి.

సింధు నదిని వర్ణిస్తూ, ఆ నీటిలో విషనాగులు ఉంటాయని, విలువైన వస్తువులు, అరుదైన పూల, పండ్ల విత్తనాలు, బుద్ధ ధాతువులు తీసుకుని దాటేవారి పడవలు తరచుగా మునుగుతాయని రాశాడు. మూఢనమ్మకం అని కొట్టివేయకముందు ఆయన జీవిత చరిత్ర తెరవండి. శిష్యుడు హుయిలి మొదలుపెట్టిన ఆ గ్రంథం ప్రకారం, తిరుగు ప్రయాణంలో హ్యూయాన్‌త్సాంగ్ ఏనుగు మీద సింధు దాటాడు. గ్రంథాలు, భారతదేశపు పూల విత్తనాలు పడవలో వచ్చాయి. నడి ఏటిలో గాలి, అలలు లేచాయి. యాభై కట్టల గ్రంథాలు, విత్తనాలు నీటిపాలయ్యాయి. పోయిన గ్రంథాలకు మళ్లీ నకళ్లు రాయించడానికి ఆయన యాభై రోజులకు పైగా అక్కడే ఆగిపోయాడు. ఆ రేవు ఎంత ప్రమాదకరమైనదో స్థానికులు నాగుల పేరుతో చెప్పుకున్నారు. ఆయన దానిని అనుభవించాడు.

రెండో ఉదాహరణ మరింత విలువైనది, ఎందుకంటే దానికి రాతి సాక్ష్యం తెలుగు నేల మీద దొరికింది. బుద్ధుని ధాతువులు ఉన్న రామగ్రామ స్తూపాన్ని అశోకుడు తెరవబోగా, అక్కడి కొలనులోని నాగుడు అడ్డుపడ్డాడని కథ. 399లో చైనా నుంచి బయలుదేరిన ఫాహియాన్ దీన్ని రాశాడు; రెండు శతాబ్దాల తరువాత హ్యూయాన్‌త్సాంగ్ కూడా రాశాడు. ఇద్దరూ వాడిన మాట లుంగ్. ఇక అమరావతి శిల్పాలను చూడండి. నేడు కొన్ని చెన్నై మ్యూజియంలో, కొన్ని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో నాగులు చుట్టుకొని కాపాడుతున్న స్తూపం కనిపిస్తుంది. పండితులు దానిని రామగ్రామ స్తూపంగా గుర్తించారు. ఆ శిల్పులు ఫాహియాన్ కంటే ముందటివారు. కనుక ఈ కథను చైనావారు కల్పించలేదు. రామగ్రామానికి ఎంతో దూరంలో, కృష్ణా తీరంలో కూడా అది అప్పటికే భక్తుల నోళ్లలో ఉంది. నాగుడు నిజంగా అశోకుణ్ణి ఆపాడా అన్నది ఆకరం తేల్చలేదు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అలా నమ్మారు అన్నది మాత్రం గట్టిగా తేలుస్తుంది. చరిత్రకారుడికి అదీ సత్యమే.

విచిత్రమేమిటంటే, తెలుగు దేశంలోని ధాన్యకటకం గురించి రాసేటప్పుడు హ్యూయాన్‌త్సాంగ్ పర్వత భూతాల కథ చెబుతాడు: అవి తోడేళ్లుగా, కోతులుగా మారి బాటసారులను భయపెట్టడం వల్ల భిక్షువులు రావడం మానేశారట. అదే చోట విహారాలు చాలావరకు పాడుబడ్డాయని, ఇరవై వరకు మాత్రమే మిగిలాయని, దేవాలయాలు నూటికి పైగా ఉన్నాయని లెక్క చెప్పాడు. భూతాల కథ, ఆ అంకెలు పక్కపక్కనే ఉన్నాయి. అంకెలు బౌద్ధం క్షీణించిందని చెబితే, ఆ క్షీణతను మిగిలినవారు ఎలా అర్థం చేసుకున్నారో కథ చెబుతుంది. ఒకటి తీసుకుని రెండోది వదిలేయడం సరైన పఠనం కాదని నా అభిప్రాయం.

ముసలి గుర్రం తెల్ల డ్రాగన్ అయిన వైనం

పరీక్షల్లో తరచుగా జరిగే పొరపాటు ఒకటి ఇక్కడ చెప్పాలి. యాత్రాగ్రంథం పేరు ‘షీ-యూ-జీ’. పాత పుస్తకాల్లో ‘సి-యు-కి’ అని ఉంటుంది. అదే యాత్ర మీద మింగ్ కాలంలో వచ్చిన నవల పేరు ‘షీ-యౌ-జీ’. మొదటిది పశ్చిమ దేశాల వివరణ, రెండోది పశ్చిమ యాత్ర. నూరు అధ్యాయాల ఈ నవలకు నేడు దొరికే తొలి సంపూర్ణ ముద్రణ 1592 నాటిది. చార్మినార్ కట్టిన మరుసటి ఏడాది అని గుర్తుంచుకోండి. దీనిని వు చెంగ్-ఎన్ రచనగా చెబుతారు.

హుయిలి ప్రకారం, ఎడారి దాటే ముందు హ్యూయాన్‌త్సాంగ్‌కు ఒక వృద్ధుడు తన ఎర్రని, బక్కచిక్కిన ముసలి గుర్రాన్ని ఇచ్చాడు. అది ఆ దారిలో పదిహేను సార్లు నడిచినదట. ఎడారిలో నీళ్ల తిత్తి ఒలికిపోయింది. నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు చుక్క నీరు లేదు. చివరికి గుర్రం తనంతట తానే దారి మళ్లి పచ్చికను, నీటిని చేరింది. నవలలో ఈ ముసలి గుర్రం లేదు. పడమటి సముద్రపు డ్రాగన్ రాజు కొడుకు ఒక ఏటిలో దాగి, భిక్షువు తెల్ల గుర్రాన్ని మింగుతాడు. ఆ తప్పుకు తానే తెల్ల గుర్రంగా మారి ఆయనను మోస్తాడు. కుచా రాజ్యంలోని సరస్సు నాగులు ఆడగుర్రాలతో కలిసి నాగాశ్వాలను కన్నాయనే కథ యాత్రాగ్రంథంలో ఉంది. నవలాకారుడి వెనుక ఉన్న సంప్రదాయంలో అదీ ఒక పాయ కావచ్చు. నాకు తోచేది ఇంకొకటి కూడా ఉంది: నీటి జాడ తెలిసిన గుర్రం, నీటికి అధిపతి అయిన లుంగ్‌గా మారడంలో వింత ఏముంది?

నవల కూడా ఆకరమే, కానీ అది మింగ్ కాలపు చైనాకు ఆకరం. అందులో జింగ్ నది డ్రాగన్ రాజు, పై నుంచి వచ్చిన ఉత్తర్వులో రాసిన సమయాన్ని, వాన కొలతను మార్చినందుకు తల పోగొట్టుకుంటాడు. అమరావతి శిల్పంలో చక్రవర్తినే నిలువరించిన నాగుడు, ఇక్కడ రాతపూర్వక ఆజ్ఞకు లోబడిన ఉద్యోగి. ఫైళ్లతో నడిచే సామ్రాజ్యంలో వాన దేవుడు కూడా కచేరీ మనిషే.

అభ్యాసం

ఎల్‌బీ నగర్ నుంచి విజయవాడ రహదారి మీదుగా వెళ్లగల సూర్యాపేట జిల్లాలో ఫణిగిరి అనే మరో బౌద్ధ క్షేత్రం ఉంది. అక్కడి తోరణ శిల్పాన్ని 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ‘చెట్టు, సర్పం’ అనే ప్రదర్శనలో ఉంచింది. చైతన్యపురి ఫణిగిరిని లేదా ఈ ఫణిగిరిని స్వయంగా చూడండి. కొండకు ఆ పేరు ఎలా వచ్చిందని అక్కడి పెద్దలను ముగ్గురిని అడగండి. వారు చెప్పినవి ఒక పుటలోను, మీరు కళ్లారా చూసినవి మరో పుటలోను రాసి సంపర్క తరగతికి తీసుకురండి. రెండు పుటలనూ కలపవద్దు.