నిర్మాణ కార్మికుల ప్రమాద నష్టపరిహారం

నిర్మాణ కార్మికుల ప్రమాద నష్టపరిహారం అనగా భవనాలు, వంతెనలు, ఆనకట్టలు, రహదారులు మొదలైన నిర్మాణపు పనులలో గాయపడిన కార్మికునికి, లేదా మరణించిన కార్మికుని ఆశ్రితులకు చట్టప్రకారం చెల్లించవలసిన సొమ్ము. భారతదేశంలో ఇది ముఖ్యంగా యజమాని నుండి లభిస్తుంది. కార్మికుడు ఈ.ఎస్.ఐ. పథకంలో చేరి ఉన్నచో ఆ సంస్థ నుండి లభిస్తుంది. ఇవికాక రాష్ట్ర నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి ఇచ్చే సహాయం వేరుగా కలదు. యజమాని చెల్లించే పరిహారం దయతో ఇచ్చేది కాదు, చట్టం విధించిన బాధ్యత. యజమాని తప్పు చేశాడని కార్మికుడు రుజువు చేయనవసరం కూడా లేదు. పనివలన, పనిచేస్తున్న సమయంలో ప్రమాదం జరిగినదని చూపితే చాలును.

చరిత్ర

ఈ హక్కుకు మూలం 1923 నాటి వర్క్‌మెన్ పరిహార చట్టం. ఇది 1924 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. అంతకు ముందు గాయపడిన కూలి సివిల్ కోర్టుకు వెళ్ళి యజమాని నిర్లక్ష్యాన్ని నిరూపించవలసి వచ్చేది. రోజుకూలీకి అది సాధ్యమయ్యే పని కాదు. ఈ చట్టపు రెండవ షెడ్యూలులో నిర్మాణపు పని ఉన్నప్పటికీ, ఒక అంతస్తుకు మించిన లేదా నేలనుండి కప్పు శిఖరం వరకు 12 అడుగులు, అంతకు మించి ఎత్తు ఉన్న భవనాలకే అది వర్తించేది. అంతకంటె పెద్ద లోపం మరొకటి ఉండేది. తాత్కాలికంగా, అప్పుడప్పుడు పనికి వచ్చేవారిలో యజమాని వ్యాపారానికి సంబంధించని పని చేసేవారు చట్టం పరిధిలోకి రాకపోయేవారు. ఈ మినహాయింపును 2000 సంవత్సరపు సవరణ తొలగించింది. నిర్మాణ రంగంలో అధికశాతం కార్మికులు ఏరోజు కారోజు పనికి వచ్చేవారే కనుక ఇది చిన్న మార్పు కాదు.

2009 సవరణతో చట్టం పేరు ఉద్యోగుల పరిహార చట్టంగా మారి, 2010 జనవరి 18 నుండి అమలైంది. తరువాత పార్లమెంటు 2020లో ఆమోదించిన సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చి, 1923 చట్టం స్థానాన్ని ఆక్రమించింది. పాత చట్టంలోని ముఖ్య సూత్రాలు స్మృతి ఏడవ అధ్యాయంలో కొనసాగుతున్నవి. ఎంత పరిహారం రావాలన్నది ప్రమాదం జరిగిన తేదీని బట్టి నిర్ణయమవుతుంది. అందువలన అంతకు ముందు జరిగిన ప్రమాదాల కేసులలో పాత చట్టమే ఆధారం.

బాధ్యత ఎవరిది

నిర్మాణ స్థలంలో కార్మికునికి తెలిసిన యజమాని సాధారణంగా మేస్త్రీ ఒక్కడే. మేస్త్రీకి పైన ఉపకాంట్రాక్టరు, ఆపైన కాంట్రాక్టరు, అందరికంటె పైన బిల్డరు లేదా సంస్థ ఉంటారు. ప్రమాదం జరిగినపుడు ప్రతివారూ పక్కవారిని చూపించడం పరిపాటి. దీనికి పాత చట్టం 12వ సెక్షనులోనే సమాధానం ఉన్నది. తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టుకు ఇచ్చిన అసలు యజమాని, కాంట్రాక్టరు మనిషికి కూడా తన సొంత మనిషికి వలెనే పరిహారం చెల్లించవలెను. ఆ సొమ్మును కాంట్రాక్టరు వద్ద రాబట్టుకొనడం యజమాని సొంత వ్యవహారం. కార్మికుడు అంతవరకు వేచి ఉండనక్కరలేదు.

యజమాని బాధ్యత నుండి తప్పించుకొనే సందర్భాలు కొన్ని కలవు. కార్మికుడు మద్యం లేదా మత్తుమందు ప్రభావంలో ఉండటం, భద్రతకోసం స్పష్టంగా ఇచ్చిన ఆదేశాన్ని బుద్ధిపూర్వకంగా ధిక్కరించడం, రక్షణ సాధనాన్ని కావాలని తొలగించడం వాటిలోనివి. అయితే మరణం లేదా శాశ్వత సంపూర్ణ అశక్తత సంభవించినపుడు ఈ సాకులు చెల్లవు. హెల్మెట్ పెట్టుకొనలేదన్న మాటతో శ్లాబు మీదనుండి పడి మరణించిన కూలి కుటుంబానికి పరిహారం ఎగవేయడానికి వీలులేదు.

ఇంటినుండి పనికి వెళ్ళేటపుడు, తిరిగి వచ్చేటపుడు జరిగే ప్రమాదాల విషయంలో చాలాకాలం సందిగ్ధత ఉండేది. ప్రమాదం జరిగిన సమయం, స్థలం, పరిస్థితులకు పనితో సంబంధం ఉన్నచో దానిని పనిలో జరిగిన ప్రమాదంగానే భావించవలెనని కొత్త స్మృతి స్పష్టం చేసింది. పాత చట్టపు మాటలకు కూడా ఇదే అర్థమని సుప్రీం కోర్టు 2025 జూలైలో తీర్పు చెప్పింది.

పరిహారం లెక్కించే పద్ధతి

లెక్కకు మూడు అంశాలు కావలెను: నెల జీతం, వయసు, గాయం వలన పోయిన సంపాదనా శక్తి శాతం. వయసును బట్టి చట్టం ఒక గుణకాన్ని ఇచ్చినది. వయసు పెరిగినకొద్దీ ఇది తగ్గుతుంది. 20 ఏళ్ళవానికి 224.00, 30 ఏళ్ళకు 207.98, 40 ఏళ్ళకు 184.17, 65 ఏళ్ళు దాటినవారికి 99.37.

మరణించినపుడు నెల జీతంలో 50 శాతాన్ని గుణకంతో హెచ్చించవలెను. శాశ్వత సంపూర్ణ అశక్తత అయినచో జీతంలో 60 శాతాన్ని హెచ్చించవలెను. బ్రతికి ఉన్నవానికి ఎక్కువ ఎందుకన్న ప్రశ్న రావచ్చును. పనిచేయలేని మనిషిని జీవితాంతం పోషించవలసి ఉండటమే అందుకు కారణం. లెక్క ఎంత తక్కువ వచ్చినా మొదటిదానికి 1,20,000 రూపాయలు, రెండవదానికి 1,40,000 రూపాయలు 2009 సవరణ కనీసంగా విధించినది.

జీతం ఎంత ఉన్నా లెక్కకు తీసుకొనే మొత్తానికి పరిమితి కలదు. ఇది 2010 మే 31 నుండి 8,000 రూపాయలు. కేంద్ర ప్రభుత్వం 2020 జనవరి 3 నుండి దానిని 15,000 రూపాయలు చేసినది. ఈ పరిమితి ప్రకారం 30 ఏళ్ళ సెంట్రింగ్ కార్మికుని ఉదాహరణగా తీసుకొందము. అతడు మరణించినచో 7,500ను 207.98తో హెచ్చించగా 15,59,850 రూపాయలు. రెండు చేతులూ పోయినచో 9,000ను అదే గుణకంతో హెచ్చించగా 18,71,820 రూపాయలు. ఒక చేతి బొటనవ్రేలు మాత్రమే పోయినచో, షెడ్యూలు ప్రకారం నష్టం 30 శాతం కనుక, పై మొత్తంలో 30 శాతం, అనగా 5,61,546 రూపాయలు. ఒక చేయి మణికట్టు దిగువన పూర్తిగా పోతే 60 శాతం, చూపుడువ్రేలు మొత్తం పోతే 14 శాతం. షెడ్యూలులో లేని గాయాలకు, ఉదాహరణకు వెన్నెముక దెబ్బలకు, అర్హత గల వైద్యుడు శాతాన్ని నిర్ధారిస్తాడు.

అయితే షెడ్యూలులోని శాతమే చివరిమాట కాదు. 1968లో ఒక సినిమా హాలులో అలంకరణ పని చేస్తూ పడిపోయిన వడ్రంగికి ఎడమచేయి తొలగించవలసి వచ్చినది. అతని నష్టం పాక్షికమేనని యజమాని వాదించాడు. వడ్రంగం ఒంటిచేత్తో జరిగేది కాదు కనుక ఆ మనిషి పూర్తిగా అశక్తుడైనట్లేనని కమిషనరు తేల్చగా, సుప్రీం కోర్టు నలుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1975 డిసెంబరులో దానిని సమర్థించినది. పరిహారం ప్రమాదం జరిగిన రోజునే బాకీ పడుతుందని కూడా ఆ తీర్పులోనే చెప్పినది. చేతిపనివారి కేసులలో నేటికీ ఈ తీర్పునే ఉదహరిస్తారు.

కొన్నాళ్ళకు నయమయ్యే గాయాలకు జీతంలో నాలుగవ వంతును పదిహేను రోజులకొకసారి చెల్లించవలెను. నెలకు 12,000 వచ్చేవానికి పక్షానికి 3,000 రూపాయలు అన్నమాట. మొదటి మూడు రోజులకు సొమ్ము రాదు. కాని అశక్తత 28 రోజులు లేదా అంతకు మించితే మొదటి రోజు నుండి వస్తుంది. ఈ చెల్లింపులకు గరిష్ఠ కాలం ఐదేళ్ళు. వైద్యానికైన వాస్తవ ఖర్చును కూడా యజమాని భరించవలెనని 2009 సవరణ చేర్చినది.

దరఖాస్తు, రాజీలు

కార్మికుడు లేదా ఆశ్రితులు రెండేళ్ళలోపు పరిహార కమిషనరుకు దరఖాస్తు చేయవలెను. కార్మిక శాఖ అధికారులు ఈ బాధ్యత నిర్వహిస్తుంటారు. ప్రమాదం జరిగిన చోటనే కాక, దరఖాస్తుదారు నివసించే ప్రాంతపు కమిషనరు వద్ద కూడా దరఖాస్తు చేయవచ్చును. ముంబైలో ప్రమాదానికి గురైన పాలమూరు కూలి కుటుంబం ముంబై చుట్టూ తిరగనవసరం లేదు. హైదరాబాదులో మరణించిన ఒడిషా కార్మికుని భార్యకు కూడా ఇదే సౌకర్యం వర్తిస్తుంది. బాకీపడిన నెలలోపు చెల్లించని యజమానిపై పాత చట్టం 12 శాతం వడ్డీ, తగిన కారణం లేనిచో 50 శాతం వరకు జరిమానా విధించినది.

ఆచరణలో అతి పెద్ద అడ్డంకి జీతానికి, పనికి రుజువు లేకపోవడం. హాజరు పుస్తకంలో పేరు లేని కూలికి ఎఫ్.ఐ.ఆర్., ఆసుపత్రి కాగితాలు, తోటి కార్మికుల సాక్ష్యం మాత్రమే దిక్కు. రెండవ అడ్డంకి పోలీసు కేసు కాకముందే జరిగే రాజీలు. మరణ పరిహారం కమిషనరు వద్దనే జమ చేయవలెను. నేరుగా కుటుంబం చేతిలో పెట్టిన సొమ్మును చట్టం పరిహారంగా గుర్తించదు. హక్కును వదులుకొంటున్నట్లు వేలిముద్ర వేయించుకొన్న కాగితం కూడా చెల్లదు. ఈ సంగతి తెలియక తక్కువ మొత్తానికి ఒప్పుకొని శవాన్ని ఊరికి తీసుకొనిపోయేవారు కలరు.

ఈ.ఎస్.ఐ., సంక్షేమ మండలి

పథకం అమలులో ఉన్న ప్రాంతాలలోని నిర్మాణ స్థల కార్మికులకు 2015 ఆగస్టు 1 నుండి ఈ.ఎస్.ఐ. వర్తింపజేసినారు. తాత్కాలిక అశక్తతకు ఇక్కడ వేతనంలో 90 శాతం లభిస్తుంది. ఈ.ఎస్.ఐ. పరిధిలోని వారు అదే గాయానికి యజమాని వద్ద మరల పరిహారం కోరరాదు.

1996 చట్టాల ప్రకారం నిర్మాణ వ్యయంపై ఒక శాతం సెస్సు వసూలు చేసి సంక్షేమ నిధిగా ఉంచడం మొదలైనది. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో సంక్షేమ మండలి 2007లో ఏర్పడినది, రాష్ట్ర విభజన తరువాత తెలంగాణకు వేరే మండలి వచ్చినది. 18 నుండి 60 ఏళ్ళ లోపు వయసుండి, గడచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణపు పని చేసినవారు సభ్యులు కావచ్చును. ప్రమాద మరణానికి, అంగవైకల్యానికి మండలి ఇచ్చే సహాయం యజమాని బాధ్యతను తగ్గించదు, రెండూ పొందవచ్చును. నిధి పోగుపడుతున్నా కార్మికులకు చేరడం లేదని సుప్రీం కోర్టు 2018 మార్చిలో తీవ్రంగా విమర్శించినది.

విదేశాలలో

గల్ఫ్ దేశాలలో నిర్మాణపు పనులకు వెళ్ళిన తెలుగువారికి భారతీయ పరిహార చట్టం వర్తించదు, ఆ దేశపు కార్మిక చట్టమే వర్తిస్తుంది. అయితే వలస అనుమతి అవసరమైన పాస్‌పోర్టుతో వెళ్ళేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. దీని క్రింద ప్రమాద మరణానికి లేదా శాశ్వత అంగవైకల్యానికి 10 లక్షల రూపాయల బీమా కలదు. పాలసీ కాగితం నకలును ఇంటివద్ద ఉంచి వెళ్ళనిచో, కుటుంబానికి ఆ బీమా ఉన్న సంగతే తెలియకుండా పోతుంది.