మూతివాపు లెక్కల్లో పశువుల పాక ఎక్కడ?

2019 పశుగణన ప్రకారం దేశంలోని 7.43 కోట్ల గొర్రెల్లో దాదాపు సగం రెండు తెలుగు రాష్ట్రాలవే. తెలంగాణలో 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ మందలకు గండకాలం. జీవానికి కాక తగులుతుంది, చీమిడి కారుతుంది, పెదవులు ఉబ్బి నోట్లో పుండ్లు పడతాయి. గిట్టల మొదళ్లు ఎర్రబడి కుంటుతుంది, మేత మానేస్తుంది. కాపరులకు ఇది మూతివాపు, శాస్త్రజ్ఞులకు నీలి నాలుక వ్యాధి.

ఈ రోగం తెచ్చే వైరస్ ముఖ్యంగా కులికాయిడిస్ అనే కీటకాల కాటు వల్ల వ్యాపిస్తుందని దక్షిణాఫ్రికాలో డు టాయిట్ 1944లో నిరూపించాడు. దోమకన్నా బాగా చిన్నవైన ఈ కీటకాల్లో చాలా జాతులు పేడ కలిసిన తడినేలలో గుడ్లు పెడతాయి, పొద్దు వాలాక రక్తానికి బయల్దేరతాయి. వానల వెనక రోగం రావడానికి కారణం ఇదే. దక్షిణాఫ్రికాలో ఈ రోగానికి మొదట బలైనవి బయటినుంచి తెచ్చిన మెరినో గొర్రెలు. నెల్లూరు, దక్కని వంటి మన నాటు జాతులు మాత్రం సొంత నేలమీదే జబ్బుపడుతున్నాయి. ఈ తేడాకు కారణం వెతకడం మన పరిశోధకుల బాధ్యత.

ఆవులు, గేదెలు, మేకల్లో రోగలక్షణాలు చాలా అరుదు. అయినా పశువు రక్తంలో వైరస్ వారాల తరబడి ఉంటుంది. పాకలో కుట్టిన కీటకమే కొన్నాళ్లకు పక్క దొడ్డిలో గొర్రెను కుడుతుంది. గొర్రెల రక్తం ఒక్కటే తీసి ప్రమాద కారకాలను తేల్చే సర్వే ఈ మూలాన్ని చూడలేదు.

వైరస్ సోకిన గొర్రెలు ఇన్ని అంటూ సర్వేల్లో కనిపించే శాతాలనూ జాగ్రత్తగా చదవాలి. వాడుకలో ఉన్న ఎలైసా పరీక్ష ఆ జీవం ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ బారిన పడిందని మాత్రమే చెబుతుంది. ఏ రకం సోకిందో చెప్పదు. భారతదేశంలో ఇప్పటికే 20కి పైగా రకాలు నమోదయ్యాయి. ఒకదానికి వచ్చిన రోగనిరోధక శక్తి మరోదాన్ని నమ్మకంగా ఆపదు. పైగా ఈ వైరస్ జన్యుపదార్థం పది ముక్కలుగా ఉంటుంది. రెండు రకాలు ఒకే జీవికి సోకితే ఆ ముక్కలు తారుమారై కొత్త కలయికలు పుట్టవచ్చు. అందుకే 'ఎక్కువ శాతం' అన్న మాట విని ఆ మందకు రక్షణ ఉందనుకోవడం ప్రమాదం.

మన దగ్గర తయారైన టీకాలో 1, 2, 10, 16, 23 రకాలు ఉన్నాయి. దీన్ని వానలకు ముందే వేయాలి. తిరుగుతున్న రకాలు మారితే టీకా కూర్పూ మారాలి, కాబట్టి ఏటా జబ్బుపడిన గొర్రెల నుంచి వైరస్‌ను వేరుచేసి రకం తేల్చే పని ఆగకూడదు. సర్వే పత్రంలో దొడ్డికీ పేడకుప్పకూ మధ్య దూరం, నీరు నిలిచే చోటు, ఊళ్లో పశువుల సంఖ్య, వలస మందలు రాత్రి ఆగే పొలాలు తప్పక చేరాలి. కాపరి కూడా పొద్దుగూకక ముందే మందను తడినేలకు, పశువుల పాకకు దూరంగా తోలితే కాట్లు కొంతైనా తగ్గుతాయి.